ఆగిన పైపులో ప్రవాహం

ఆమె మెట్లెక్కి వచ్చి ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని పూర్ణిమ పిలిచినా కదలలేదు. ద్వారం పక్కనున్న స్విచ్‌బోర్డునే చూస్తోంది. చివరికి చీర కొంగును కుడిచేతికి చుట్టుకుని, ఆ గోడకు దూరంగా ఒదిగి నడిచి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. సూర్యాపేట మీద పొద్దెక్కినా వదలని మంచు. కింద రోడ్డు మీద బస్సులు కనిపించడం లేదు, హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి.

దామోదర్ ఆమెను తొందరపెట్టలేదు. ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు ఆయన చాలాకాలం బీమా కంపెనీల తరఫున ప్రమాదాలను విచారించాడు. దుఃఖంలో ఉన్న మనిషి ముందు ఊరికే కూర్చోవడం అక్కడే నేర్చుకున్నానంటాడు. కోదాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన పూర్ణిమకు అది ఇంకా చేతకావడం లేదు. తనైతే ఏదో ఒకటి మాట్లాడేసేది.

వచ్చినామె పేరు స్వరూప. మిర్యాలగూడ నుంచి త్రిపురారం వెళ్లే దారిలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. ఆ మిల్లు ప్యానెల్ గది ఆమె చూసుకుంటుంది. కరెంటు పోతే మెయిన్ హ్యాండిల్ దించడం, వస్తే ఎత్తడం ఆమె పని. భర్త మట్టయ్య అదే మిల్లులో ఎలక్ట్రీషియన్. పోయిన నెల పని చేస్తూ చనిపోయాడు.

మాట కూడదీసుకుంటూ ఆమె చెప్పిందంతా ఇది. వడ్లు నానబెట్టిన పులిసిన నీళ్లు మిల్లు నుంచి ఎంత బయటికి పోతున్నాయో తెలియాలని కాలుష్య నియంత్రణ అధికారులు చెప్పడంతో ఆ పైపుకు కొత్తగా ఒక మీటరు బిగించారు. పైపులో నీరు పారితే దాని అద్దంలో అంకెలు కదులుతాయి. ఆగితే సున్నా చూపాలి. ఈ మీటరు మాత్రం నీళ్లు ఆపేశాక కూడా కదిలేది. దాని సంగతి చూద్దామని ఒక మధ్యాహ్నం, కరెంటు పోయిన సమయంలో మట్టయ్య వెళ్లాడు. మీటరుకు కరెంటు ఇచ్చే ఫ్యూజును ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. తను పని చేస్తుండగా ఇంకెవరూ పొరపాటున ఆన్ చేయకుండా ఆయన ఎప్పుడూ అలాగే చేసేవాడు. ఫ్యూజు నా దగ్గరుంది, కరెంటొస్తే నువ్వు మిల్లుకు మామూలుగా ఇచ్చెయ్ అని భార్యకు చెప్పి వెళ్లాడు. కరెంటు వచ్చింది. ఆమె హ్యాండిల్ ఎత్తింది.

"అరుపు గూడ కాదు సారు. దగ్గినట్టు ఇనవడ్డది. నేను ఉరికేసరికి పైపు మీద పడి ఉన్నడు. ఒక చేతిల భూమిలకు పోయే ఎర్త్ పట్టీ పట్టుకున్నడు. ఇంకో చెయ్యి పైపు మీద ఉన్నది. ఫ్యూజు జేబులనే ఉన్నది."

అప్పుడు అక్కడికి ఎవరెవరు వచ్చారని దామోదర్ అడిగాడు. బస్తాలు మోసేవాళ్లు వచ్చారు. మిల్లు సూపర్‌వైజర్ పరశురాములు అందరికన్నా ముందు వచ్చి చూసి, ఆటో తెస్తానని పొలం వైపు పరుగెత్తాడు. ఆటో రాలేదు. చివరికి ఓనరు యుగంధర్ కారులోనే మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం అప్పటికే పోయింది.

మట్టయ్య అజాగ్రత్త వల్లే జరిగిందని పోలీసులు రాసుకున్నారు. అత్త బుచ్చమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. నా కొడుకు కరెంటు దగ్గర తప్పు చేసే మనిషి కాదు, తప్పు ఎత్తిన చేతిదే అంది. స్వరూప ఎదురు చెప్పలేదు. భర్త అజాగ్రత్త మనిషని అనిపించుకోవడం కన్నా, తానే చంపానని అనుకోవడం ఆమెకు నయమనిపించింది.

"గానీ సారు, మీటరు ఇంకా తిరుగుతనే ఉన్నది. నీళ్లు బంద్ వెట్టినంక గూడ. పని సగంల ఇడిశిపోయిండు గదా, ఆయననే ఇంకా చేస్తుండు అంటరు అందరు. పైపుకు చెవు పెడితే మూల్గినట్టు ఇనవడ్తది. నేను ఇన్న."

"మీరు నన్నేం తెలుసుకోమంటున్నరు?" అని దామోదర్ అడిగాడు.

ఆమె కొంగు చుట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"ఈ చెయ్యి సంపిందా లేదా, అది చెప్పుండ్రి. అవునన్నా సరే."

*

మరునాడు వాళ్లు ముందుగా కోదాడ వెళ్లారు. మీటరు బిగించిన సంతోష్ దుకాణం అక్కడ హైవే పక్కన ఉంది. విషయం చెప్పగానే అతను షట్టరు సగం దించి, స్టూళ్లు వేసి కూర్చోబెట్టాడు. నెల రోజులుగా తననెవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

బిగించడంలో తన తప్పు లేదని మొదట చెప్పుకున్నాడు. మీటరుకు ముందూ వెనకా పైపు తిన్నగా ఉండేలా చూశాడు. అది ఎప్పుడూ నీళ్లతో నిండి ఉండేలా పైపును వంచాడు. మీటరు తీగను మోటారు కేబుళ్ల పక్కన పోనివ్వకుండా విడిగా గొట్టంలో తెచ్చాడు. ఒక్క ఎర్త్ విషయంలోనే మిల్లువాళ్లు ఉన్నదానికే కలపమన్నారని, కలిపానని ఒప్పుకున్నాడు.

"అదెందుకు అంత ముఖ్యం?" అని దామోదర్ అడిగాడు.

"మీటరు పట్టేది చాలా సన్నని కరెంటండి. అయస్కాంతం మధ్య నుంచి నీళ్లు పారితే అందులో పుట్టే కాస్తంత. దాన్నే కొలిచి అంకెలుగా చూపిస్తుంది. మీటరు ఎర్త్‌లో ఇంకో కరెంటు ఏదైనా కలిసిందనుకోండి, లేని నీళ్లు ఉన్నట్టు చూపిస్తది. అందుకే మీటరుకు దాని ఎర్త్ దానికే ఉండాలి."

చనిపోయిన రోజు మట్టయ్య ఫోన్ చేశాడు. మీటరుకు వేరే ఎర్త్ గుంత తీసి, పాత పట్టీ విప్పేయమని సంతోషే చెప్పాడు. ముందు ఫ్యూజు తీయమన్నాడు. తీసి జేబులో వేసుకున్నానని మట్టయ్య నవ్వాడట.

"విప్పమన్నది నేనేనండి," అన్నాడు సంతోష్. "కరెంటు తీగ అయితే టెస్టర్ పెట్టి చూడమని చెప్పేవాణ్ణి. ఎర్త్ పట్టీని ఎవరు అనుమానిస్తారు చెప్పండి."

హుజూర్‌నగర్ దాటాక దామోదర్, సంతోష్ అన్న ఆ చివరి మాట బాగా గుర్తుపెట్టుకో అని పూర్ణిమకు చెప్పాడు.

*

మిల్లు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం అయినా ఆకాశం తేరుకోలేదు. ఊక కాల్చిన నల్లటి బూడిద గాలిలో నిదానంగా దిగుతోంది. అది చప్పుడు లేకుండా భుజాల మీద, రెప్పల మీద వాలుతుంటే పూర్ణిమకు ఎవరో వెనక నిలబడి తాకుతున్నట్టు అనిపించింది. బాయిలర్ ఆవిరిలోంచి మనుషులు సగం సగం కనిపించి మళ్లీ మాయమవుతున్నారు. అంతటా నానిన వడ్ల పుల్లటి వాసన.

మీటరు మిల్లు వెనక, ప్యానెల్ గది కిటికీకి ఎదురుగా చిన్న రేకుల షెడ్డులో ఉంది. గుమ్మానికి నిమ్మకాయలు వేలాడదీసి ఉన్నాయి. పైపుకు పసుపు, కుంకుమ పూశారు. పరశురాములు వాళ్ల వెంట వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు. యాభై దాటిన పెద్దమనిషి, మాట మెత్తన. నిమ్మకాయలు తనే కట్టించానని, ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదని చెప్పాడు.

"మట్టయ్య మంచోడు సార్. పని పూర్తి చేయందే పోడు. ఆ మీటరు తీసేయించి శాంతి చేయిస్తే ఆయనకు ఇముక్తి, మాకు ఇముక్తి."

నీళ్ల వాల్వు మూసి ఉంది. పంపు ఆగి ఉంది. అయినా మీటరు అద్దంలో అంకెలు పైకి పాకుతున్నాయి, కాస్త ఆగి దిగుతున్నాయి, మళ్లీ పాకుతున్నాయి. నిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా ఉంది ఆ కదలిక. పూర్ణిమ పైపు మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. చెవి ఆనించింది. లోపల, ఎక్కడో దూరాన, నోరు మూసుకుని మూలుగుతున్నట్టు ఒకే శ్రుతిలో ధ్వని. ఆమె చప్పున వెనక్కి జరిగింది. తను చదివిన చదువు ఆ క్షణంలో ఏమాత్రం పనికి రాలేదు.

దామోదర్ మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని ఎర్త్ పట్టీని చూస్తున్నాడు. అది వేలెడంత వెడల్పున్న ఇనుప పట్టీ. ఒక కొస పైపును తాకుతూ షెడ్డు బయటి ఎర్త్ గుంతలోకి దిగింది. ఇంకో కొస పడమటి గోడ కింద నుంచి భూమిలోకి పోయింది. మధ్యలో ఒకచోట అతుకు. మిల్లులో మట్టయ్య వేసిన అతుకులన్నిటికీ నల్ల టేపు చుట్టి ఉంది. ఈ ఒక్కదానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తాడుతో బిగించారు.

"మట్టయ్య చేతిలో ఉన్నప్పుడు ఈ పట్టీ విప్పి ఉందా, కలిపి ఉందా?" అని దామోదర్, ఎదురుగా ప్యానెల్ గది కిటికీలో నిలబడి ఉన్న స్వరూపను అడిగాడు.

"ఇప్పి ఉండె సారు. బోల్టు గూడ ఆయన జేబులనే దొరికింది, ఫ్యూజుతోని."

మళ్లీ ఎవరు కలిపారో ఆమెకు తెలియదు. మరునాడు చూసేసరికి కలిసి ఉంది. అది కలిసినప్పటి నుంచే అంకెలు మళ్లీ కదలడం మొదలైంది.

ఓనరు యుగంధర్ తన గదిలో మర్యాదగా మాట్లాడాడు. మట్టయ్య పోయాక తనకూ నిద్ర లేదన్నాడు. నానబెట్టిన నీళ్ల సంగతి అంతా పరశురాములే చూసుకుంటాడని, తాను ఎప్పుడూ కలగజేసుకోలేదని చెప్పాడు. మిల్లు పడమట ఉన్న పొలం ఎవరిదని దామోదర్ అడిగితే, అదీ పరశురాములుదేనన్నాడు.

సాయంత్రం మిల్లు పక్కనే ఉన్న వాడలో బుచ్చమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె కోడలి వైపు చూడకుండా, వచ్చినవాళ్లకు చెంబుతో నీళ్లిచ్చింది. పూర్ణిమ నోటి దాకా తీసుకుపోయి ఆగింది. అదే పులుపు వాసన. ఈ వానాకాలం పంట కోతల నుంచీ బోరు నీళ్లు ఇట్లాగే వస్తున్నాయని, అన్నం కూడా పులిసిపోతోందని బుచ్చమ్మ చెప్పింది. ఇంట్లో మనిషి పోయాక నీళ్లకు కూడా రుచి పోయిందంది.

*

మరునాడు ఉదయం దామోదర్ అందరినీ మీటరు షెడ్డు దగ్గరికి పిలిచాడు. కోదాడ నుంచి సంతోష్ వచ్చాడు. యుగంధర్, పరశురాములు, బుచ్చమ్మ, స్వరూప ఉన్నారు. పోలీస్ స్టేషన్ నుంచి ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూలీలు దూరంగా ఆగి చూస్తున్నారు. మీటరు అంకెలు ఎప్పటిలాగే కదులుతున్నాయి.

దామోదర్ స్వరూపను మెయిన్ హ్యాండిల్ దించమన్నాడు.

ఆమె కదలలేదు. నెల రోజులుగా ఆమె ఆ హ్యాండిల్‌ను ముట్టుకోలేదని, వేరేవాళ్లే చేస్తున్నారని పూర్ణిమకు తెలుసు. దామోదర్ మళ్లీ అడగలేదు, వేరేవాళ్లను పంపనూలేదు. కాసేపటికి ఆమె గదిలోకి వెళ్లింది. చేతికి చుట్టుకున్న కొంగు విప్పి, రెండు చేతులతో హ్యాండిల్ కిందికి లాగింది.

మిల్లు మొత్తం ఆగిపోయింది. బ్లోయర్లు, బెల్టులు, జల్లెడలు ఒకదాని వెనక ఒకటి చల్లబడ్డాయి. జనరేటరు కూడా లేదు. కరెంటు పోయినా లెక్క ఆగకుండా బ్యాటరీ ఉన్న మీటరు ఒక్కటే వెలుగుతోంది. ఆ నిశ్శబ్దంలో అందరూ దాన్నే చూశారు.

అంకెలు పాకుతున్నాయి.

కూలీలలో ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. బుచ్చమ్మ కొడుకు పేరు మెల్లగా పలికింది. పూర్ణిమ మాత్రం దామోదర్ ముందే చెప్పిన పని చేసింది. టంగ్ టెస్టర్‌ను తెరిచి ఎర్త్ పట్టీ చుట్టూ మూసింది. తీగను ముట్టుకోకుండానే అందులో పారే కరెంటును చూపే పరికరం అది. ఏమీ ఉండకూడని పట్టీలో ఒక పెద్ద మోటారు తాగేంత కరెంటు పారుతోంది.

"మిల్లుకు కరెంటు లేదు," అన్నాడు దామోదర్. "స్వరూప చెయ్యి కిందికి దించింది. అయినా పట్టీలో కరెంటు ఉన్నది. అంటే ఇది ఆమె హ్యాండిల్ మీదుగా వచ్చేది కాదు. ఆరోజు కూడా కాదు."

ఆయన సంతోష్‌ను, హెడ్ కానిస్టేబుల్‌ను పడమటి పొలంలోకి పంపాడు. పొద్దున్నే తాను ఆ పొలం చుట్టి వచ్చానని, గట్టు మీద తుమ్మ కంప కింద ఒక స్టార్టర్ పెట్టె ఉందని, దాన్ని ఆపమని చెప్పాడు. పరశురాములు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. పూర్ణిమ పైపుకు చెవి పెట్టి వింటోంది. ఉన్నట్టుండి మూలుగు ఆగింది. తల ఎత్తి చూసేసరికి మీటరు మీద సున్నా ఉంది.

దామోదర్ కళ్లద్దాలు తుడుచుకుని, బడిలో పాఠం చెప్పినంత నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు.

నానబెట్టిన నీళ్లన్నీ మీటరు మీదుగా పోతే లెక్కకు వస్తాయి, శుద్ధి ఖర్చో జరిమానానో పడుతుంది. అందుకని మీటరుకు ముందే భూమిలో ఇంకో పైపు పెట్టి, ఒక మోటారుతో ఆ నీళ్లను పొలంలోని ఎండిపోయిన బోరులోకి పంపుతున్నారు. వాడలో బోరు నీళ్లు పులిసింది అందుకే. పైపులో వినిపించిన మూలుగు ఆ మోటారుదే. దానికి మిల్లు నుంచి తీగ లాగితే మట్టయ్య కంట పడుతుంది. కరెంటు పొలం స్తంభం నుంచి తీసుకున్నారు.

"కరెంటు రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఇంకో తీగ ఉండాలె. పొలాల్లో కొందరు రెండో తీగ గుంజరు. మోటారు రెండో కొసను భూమికి కడ్తరు. ఎర్త్ మంచిగుంటే మోటారు నడుస్తది. ఈ చుట్టుపక్కల మిల్లు ఎర్త్ గుంత కన్నా మంచిది లేదు. ఉప్పు వేసి, నీళ్లు పోసి మట్టయ్య దాన్ని బాగా చూసుకునేటోడు."

పట్టీ కలిసి ఉన్నంతకాలం ఆ కరెంటు ఎవరినీ తాకకుండా భూమిలోకి పోయింది. మీటరు ఒక్కటే దాన్ని పట్టుకుని, లేని నీళ్లను చూపింది. మట్టయ్య ఆ తేడాను గమనించాడు. మీటరుకు వేరే ఎర్త్ ఇవ్వాలని పట్టీ విప్పాడు. అతను విప్పినప్పుడు పొలానికీ కరెంటు లేదు. తర్వాత వచ్చింది. పొలం మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారును నడిపిస్తుంది.

"భూమిలోకి పోయే దారి తెగి ఉన్నది. ఒక చేతిలో పట్టీ, ఇంకో చెయ్యి తడి పైపు మీద. మధ్యల మనిషే దారి అయిండు. అతను ఫ్యూజు తీసిండు. తియ్యాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నడు. ఎర్త్ పట్టీలో కరెంటు ఉంటదని ఎవరూ అనుకోరు, అనుకోవాల్సిన అవసరం కూడా లేదు. స్వరూప హ్యాండిల్ ఎత్తకపోయినా ఆ మనిషి బతికేటోడు కాదు."

బుచ్చమ్మ కూర్చున్నచోటే ముందుకు వంగింది.

దామోదర్ అప్పుడు పరశురాములు వైపు తిరిగాడు. మిర్యాలగూడ రోడ్డు తూర్పున ఉంది, ఆటో కోసం పడమటి పొలంలోకి ఎందుకు పరుగెత్తావని అడిగాడు. పడి ఉన్న మనిషిని చూడగానే ఏం జరిగిందో తెలిసినవాడే ముందు స్టార్టర్ ఆపడానికి పోతాడు. తర్వాత పట్టీ కలిపినవాడు మట్టయ్య బోల్టు దొరక్క తన బోల్టు వేశాడు. పొలంలో మోటారు తీగలకు చుట్టే అలవాటు కొద్దీ సైకిల్ ట్యూబు చుట్టాడు. స్టార్టర్ పెట్టె తీగలకు కూడా అదే ట్యూబు ఉందని, పొలం నుంచి తిరిగి వచ్చిన సంతోష్ చెప్పాడు.

"సంపాలని చెయ్యలే సార్," అన్నాడు పరశురాములు. "నీళ్లు ఎటన్న పోవాలె, మీటర్ల పడొద్దు. గంతే. మట్టయ్య పట్టీ ఇప్పుతడని నాకేం ఎరుక."

"అది నిజమే కావచ్చు. కానీ మరునాడు పట్టీ మళ్లీ కలిపినప్పుడు నీకు అన్నీ ఎరుకే. దాన్ని ఇంకొకడు విప్పితే వాడు కూడా పోతడని ఎరుకే. అందుకే నిమ్మకాయలు కట్టినవ్. ఈమె తనే చంపిన్నని కుమిలిపోతుంటే నెల రోజులు ఎదురుంగ చూసినవ్."

పరశురాములు తల దించుకున్నాడు. స్వరూప వైపు ఒకసారి చూడబోయి చూడలేకపోయాడు. నీళ్లు ఎటు పోతున్నాయో తనకు తెలియదని యుగంధర్ మొదలుపెట్టాడు.

"అడిగితే తెలిసేది," అన్నాడు దామోదర్. "అడగలేదు మీరు."

హెడ్ కానిస్టేబుల్ ఇద్దరినీ జీపు దగ్గరికి నడిపించాడు. సంతోష్ పట్టీని కోసి, రెండు కొసలను టెస్టర్‌తో చూసి, మీటరుకు వేరే ఎర్త్ కోసం గుంత తవ్వడం మొదలుపెట్టాడు. కూలీలు ఒక్కొక్కరే షెడ్డులోకి వచ్చి, సున్నాను చూసి వెళ్లారు.

స్వరూప మాత్రం మీటరు ముందు నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఊరట కనిపిస్తుందేమోనని పూర్ణిమ చూసింది. కనిపించలేదు.

"ఇగ కదలదా?" అని ఆమె సంతోష్‌ను అడిగింది.

"నీళ్లు వదిలితే తప్ప కదలదమ్మా."

ఆమె తల ఊపింది. కాసేపటికి, ఎవరికీ చెప్పనట్టుగా అంది. "భయమైతుండె. అయినా రోజూ కిటికీల నుంచి సూసేదాన్ని. కదిలితే, ఉన్నడు గదా అనుకునేదాన్ని."

ఆమె పైపు పక్కన నేల మీద కూలబడింది. భర్త చనిపోయినప్పుడు ఏడవని ఏడుపు, చంపిన చేతికి ఆ హక్కు లేదనుకుని లోపలే ఆపుకున్న ఏడుపు, అప్పుడు వచ్చింది. బుచ్చమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి, కోడలి పక్కనే కూర్చుని, తనూ మొదలుపెట్టింది. దామోదర్ పూర్ణిమకు సైగ చేశాడు. ఇద్దరూ షెడ్డు తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచారు.